చెట్లు కోసే మిషన్‌లో ఇంకా టూ స్ట్రోకే ఎందుకు ఉంది?

పోయినేడు మా బాబాయి వాళ్ళ సుబాబుల్ తోట నరికేటప్పుడు చైన్ సా ఒకటి పాడైపోయింది. ఇంట్లో మందు కొట్టే పెట్రోల్ స్ప్రేయర్ కూడా ఉంది, రెండూ చిన్న మిషన్లే, రెండూ తాడు లాగి స్టార్ట్ చేసేవే, అందుకని మా తమ్ముడు స్ప్రేయర్ కోసం తెచ్చిన క్యాన్‌లోంచే చైన్ సా ట్యాంకు కూడా నింపేశాడు. కాసేపు బాగానే కోసింది, తర్వాత సౌండ్ మారి ఆగిపోయింది, మళ్ళీ లాగితే తాడు కదల్లేదు. మెకానిక్ సైలెన్సర్ విప్పి, ఆ కంతలోంచి పిస్టన్ చూసి "పెట్రోల్లో ఆయిల్ కలపలేదా అన్నా?" అన్నాడు. పిస్టన్ మీద నిలువునా గీతలు. అది సిలిండర్‌లో ఇరుక్కుపోయింది, దాన్నే సీజ్ అవడం అంటారు.

స్ప్రేయర్‌ది ఫోర్ స్ట్రోక్, దానికి ఇంజన్ ఆయిల్ కింద విడిగా ఉంటుంది, ఉత్త పెట్రోల్ పోస్తే చాలు. చైన్ సా టూ స్ట్రోక్, దానికి ఆయిల్ వచ్చే దారి పెట్రోలే. చైన్ సాకి రెండో ట్యాంకు ఒకటి ఉంటుంది గానీ ఆ ఆయిల్ చైన్‌కి, చైన్ తిరిగే పొడుగాటి బార్‌కి మాత్రమే పోతుంది, ఇంజన్‌కి ఒక్క చుక్క కూడా రాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు.

మరి టూ స్ట్రోక్ బండ్లలో ఆర్ఎక్స్ 100 పోయింది, టీవీఎస్ ఎక్స్ఎల్ కూడా 2015లో ఫోర్ స్ట్రోక్ అయిపోయింది, ఈ రంపం ఒక్కటే ఎందుకు మారలేదు? నాకు మొదట తట్టిన జవాబు మిషన్‌ని వంచడం. మొదలు దగ్గర గాటు పెట్టేటప్పుడు మిషన్‌ని పూర్తిగా పక్కకి పడుకోబెట్టి పట్టుకుంటారు, కొమ్మలు కొట్టేటప్పుడు ఎటుపడితే అటు తిప్పుతారు. బైక్ ఇంజన్‌ని అలా తిప్పితే కింద ఉండాల్సిన ఆయిల్ సిలిండర్‌లోకి వచ్చేస్తుంది. టూ స్ట్రోక్‌కి ఆ బాధే లేదు, పెట్రోల్ ఎటు పోతే ఆయిల్ అటు పోతుంది. కార్బురేటర్‌లో కూడా తేలే ఫ్లోట్ ఉండదు, దాని బదులు పల్చటి పొర ఒకటి కొట్టుకుంటూ పెట్రోల్‌ని లాగుతుంది. ట్యాంకులో మెత్తటి పైపు చివర బరువైన ఫిల్టర్ వేలాడుతుంటుంది, మిషన్‌ని ఎటు వంచినా అది పెట్రోల్ ఉన్న వైపుకే పడుతుంది. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి.

కానీ అసలు కారణం ఇది కాదు. హోండా వాళ్ళు ఆయిల్‌ని మంచులా చిమ్మి తిప్పే పద్ధతి కనిపెట్టి, తలకిందులుగా కూడా తిరిగే చిన్న ఫోర్ స్ట్రోక్ ఇంజన్లు ఎప్పుడో చేసేశారు, మన పొలాల్లో స్ప్రేయర్లకి, బ్రష్ కట్టర్లకి వాడుతున్నారు కూడా. సమస్యంతా బరువూ స్పీడూ. హోండా జీఎక్స్ 35 ఇంజన్ 35.8 సీసీ, 7000 ఆర్‌పీఎం దగ్గర సుమారు 1.3 హార్స్ పవర్ ఇస్తుంది, ఉత్త ఇంజనే మూడు కిలోల పైన ఉంటుంది. స్టిల్ ఎంఎస్ 180 అనే చిన్న చైన్ సా 31.8 సీసీయే, కానీ సుమారు 2 హార్స్ పవర్, బార్, చైన్ తీసేస్తే మొత్తం మిషన్ బరువు దాదాపు 4 కిలోలు. రోజంతా చేతుల్లో మోసేవాడికి ఆ తేడా భుజాల్లో తెలుస్తుంది.

టూ స్ట్రోక్‌లో క్రాంక్, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు, తిరిగిన ప్రతిసారీ ఒక పేలుడు, ఫోర్ స్ట్రోక్‌లో రెండు తిరుగుళ్ళకి ఒకటి. చైన్ సా 12000 ఆర్‌పీఎంలో తిరుగుతుందంటే సెకనుకి 200 పేలుళ్ళు. అదే స్పీడులో ఫోర్ స్ట్రోక్ తిప్పాలంటే ఒక్కో వాల్వు సెకనుకి 100 సార్లు తెరుచుకుని మూసుకోవాలి, దానికి గట్టి స్ప్రింగులు, వాల్వుల్ని నెట్టి తెరిచే క్యామ్, వాటి బరువు, వాటి ఖర్చు. టూ స్ట్రోక్‌కి వాల్వులే లేవు, పిస్టనే పైకీ కిందకీ పోతూ సిలిండర్ గోడల్లో ఉన్న కంతల్ని మూస్తూ తెరుస్తూ ఉంటుంది.

నన్ను బాధపెట్టేది మాత్రం పొగ. కాలిన గ్యాస్‌ని బయటికి నెట్టేది లోపలికొచ్చే కొత్త పెట్రోల్ గాలే, ఆ తోపులాటలో దాదాపు పావు వంతు పెట్రోల్ కాలకుండానే సైలెన్సర్‌లోంచి పోతుంది, తుఫాను తర్వాత రోడ్ల మీద పడ్డ చెట్లు కోసే కుర్రాళ్ళ మొహాలు ఆ సైలెన్సర్‌కి మూరెడు దూరంలోనే ఉంటాయి. దీనికి మంచి మందు వాల్వులు కాదని నా అభిప్రాయం. ముందు ఉత్త గాలిని పంపి కాలిన గ్యాస్‌ని అది నెట్టాక వెనకాల పెట్రోల్‌ని వదిలే టూ స్ట్రోక్‌లు వచ్చాయి, హస్క్‌వార్నా వాళ్ళు ఎక్స్ టార్క్ అంటారు, స్టిల్ వాళ్ళు టూ మిక్స్ అంటారు. రేటు ఎక్కువైనా రోజూ కోసేవాళ్ళు అవే కొనాలి.

స్టిల్ వాళ్ళదే ఫోర్ మిక్స్ అని ఇంకోటుంది, అది వాల్వులున్న ఫోర్ స్ట్రోకే, కానీ ఆయిల్ విడిగా ఉండదు, పెట్రోల్లోనే కలపాలి. కాబట్టి ఫోర్ స్ట్రోక్ అనగానే ఉత్త పెట్రోల్ పోసెయ్యకండి, ట్యాంకు మూత మీద ఏం రాసుందో చూడండి. 50:1 అంటే లీటరు పెట్రోల్‌కి 20 మిల్లీలీటర్ల ఆయిల్, 25:1 అంటే 40.

మా బాబాయి మిషన్ సిలిండర్‌ని లోపల తొలిపించి బోరు చేయిద్దామంటే కుదరలేదు, ఈ అల్యూమినియం సిలిండర్లకి లోపల గట్టి లోహపు పూత పల్చగా ఉంటుంది, ఆర్ఎక్స్ 100కి తొలిపించినట్టు తొలిపిస్తే అది పోతుంది. సిలిండర్, పిస్టన్ సెట్ మొత్తం కొత్తది వేయించాం. ఇప్పుడు షెడ్‌లో రెండు క్యాన్లున్నాయి, ఆయిల్ కలిపినదానికి ఎర్ర పెయింట్ కొట్టాం.