స్క్రూ స్పానర్: అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్న పెట్టిన లారీ రిపేరు షెడ్డు మాది. నేను అందులో పని మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. కొత్తగా చేరే కుర్రాళ్లు మొదట చెయ్యి వేసేది స్క్రూ స్పానర్ మీదే, అంటే మర తిప్పి దవడల మధ్య ఎడాన్ని నట్టు సైజుకు మార్చుకునే పానా మీదే. దాని గురించి మా చుట్టుపక్కల షెడ్లలో తిరిగే మాటల్లో చాలావరకు తప్పే. నాకు ఇష్టమైన పనిముట్టు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: అది పని రానివాళ్లు వాడే పానా.

వాస్తవం: దాన్ని తయారు చేసినవాడు చేతులకు గ్రీజు అంటిన మెకానిక్. యోహాన్ పెటర్ యోహాన్సన్ 1853లో స్వీడన్‌లో ఒక పేద రైతు ఇంట పుట్టాడు. ఆరుగురు పిల్లల్లో పెద్దవాడు. ఆవిరి యంత్రం దగ్గర సహాయకుడిగా పని మొదలుపెట్టి, ఊరూరా తిరిగి, 1886లో ఎన్‌షోపింగ్ అనే ఊళ్లో సొంత వర్క్‌షాపు పెట్టాడు. ఆ రోజుల్లో నట్లకు ఒక ప్రమాణమంటూ లేదు. ఒక్కో తయారీదారుడిది ఒక్కో సైజు. రిపేరుకు వెళ్లాలంటే పానాల మూట మోసుకెళ్లాల్సిందే. ఆ బరువు తగ్గించుకోవడానికే ఆయన 1888లో పైపు రెంచి, 1892లో ఈ స్క్రూ స్పానర్ పేటెంట్ చేశాడు.

ఆ ఇబ్బంది మాకూ పూర్తిగా తీరలేదు. పాత యంత్రాల్లో అంగుళాల నట్లు ఇప్పటికీ తగులుతాయి. 11/16 అంగుళం అంటే 17.46 మిల్లీమీటర్లు. 17 నంబరు పానా ఎక్కదు, 18 వదులుగా తిరుగుతుంది. అక్కడ స్క్రూ స్పానరే దిక్కు. గట్టిగా బిగుసుకున్న నట్టుకు మాత్రం నేనూ నట్టును చుట్టూ పట్టే రింగు పానానే తీస్తాను.

అపోహ: ప్రపంచంలో మొదటి స్క్రూ స్పానర్ యోహాన్సన్‌దే.

వాస్తవం: కాదు. ఇంగ్లండ్‌లో రిచర్డ్ క్లైబర్న్ 1842 నాటికే ఒకటి చేశాడు. అమెరికాలో లోరింగ్ కోస్ 1841లో తన రెంచికి పేటెంట్ తీసుకున్నాడు. ఇవాళ మనం వాడే రూపం, అంటే బొటనవేలితో మర తిప్పితే కింది దవడ జరిగే పద్ధతి, యోహాన్సన్ చేతుల్లో కుదురుకుంది. అందుకే డెన్మార్క్‌లో దీన్ని ‘స్వీడిష్ తాళంచెవి’ అంటారు. స్పెయిన్ వాళ్లకు మాత్రం ఇది ‘ఇంగ్లిష్ తాళంచెవి’.

అపోహ: దవడ జరిగే పాతరకం పానా, మంకీ రెంచి, కనిపెట్టింది బాక్సర్ జాక్ జాన్సన్.

వాస్తవం: ఆయన 1922లో ఒక రెంచికి పేటెంట్ పొందిన మాట నిజం. కానీ మంకీ రెంచి అన్న పేరు ఆయన పుట్టకముందే వాడుకలో ఉంది.

అపోహ: స్క్రూ స్పానర్ల మీద కనిపించే బాకో (Bahco) అన్న బ్రాండు కనిపెట్టినవాడి ఇంటిపేరు.

వాస్తవం: బి.ఎ. యోర్ట్ అండ్ కంపెనీ (B.A. Hjort & Co) అనే వ్యాపార సంస్థ పేరులోని మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరది. 1890 నుంచి యోహాన్సన్ పనిముట్లను దేశదేశాల్లో అమ్మింది వాళ్లే. 1916లో ఆయన తన వ్యాపారాన్ని కూడా వాళ్లకే అప్పగించాడు. అక్కడితో విశ్రాంతి తీసుకోలేదు, విద్యుత్ పరికరాల మీద పడ్డాడు. నిలువునా పైకీ కిందికీ జరిపే వేలాడే దీపం 1919లో తయారు చేశాడు. మొత్తం మీద ఆయన పేరున వందకు పైగా పేటెంట్లున్నాయి. తండ్రి షెడ్డు చేతికొచ్చిన నాలాంటి వాడికి ఈ సంగతి చదివినప్పుడల్లా మనసు నిండుతుంది.

అపోహ: నట్ల అంచులు తినేసేది ఈ స్పానరే.

వాస్తవం: తినేసేది వదులు. స్పానర్ నట్టుకు పట్టించాక సన్నగా ఊపి చూడండి. టకటకమంటే మర ఇంకాస్త తిప్పాలి. చప్పుడు ఆగేదాకా తిప్పి, అప్పుడు లాగండి. ఏ వైపు లాగాలన్నది ఇంకా ముఖ్యం. హ్యాండిల్‌ను కదిలే దవడ ఉన్న వైపుకే లాగాలి. అప్పుడు ఎక్కువ బలం కదలని దవడ మీద పడుతుంది. తిరగేసి లాగితే కదిలే దవడ వెనక్కి తగ్గి నట్టు మీద నుంచి జారుతుంది.

అపోహ: నట్టు రాకపోతే హ్యాండిల్‌కు పైపు తొడిగితే సరి.

వాస్తవం: పని నేర్చుకుంటున్న రోజుల్లో నేనూ తొడిగాను. దవడ ఒక్కసారిగా జారి నా కుడి చెయ్యి ఛాసిస్‌కు కొట్టుకుంది. రెండు వేళ్ల కణుపుల దగ్గర చర్మం లేచిపోయింది. నాన్న కట్టు కడుతూ ఒక్క మాటా అనలేదు. మర్నాడు ఆ స్పానర్ మర పళ్లు చూపించారు, రెండు విరిగి ఉన్నాయి. హ్యాండిల్ పొడవు ఆ దవడ ఎంత బలం ఓర్చుకోగలదో చూసి పెట్టినది. ఎనిమిది అంగుళాలది చాలకపోతే పన్నెండు అంగుళాలది తీసుకోండి.

అపోహ: తుప్పు పట్టి మర బిగుసుకుంటే ఇక పారేయడమే.

వాస్తవం: 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మా ఇంట్లో ఉన్న నాన్న పనిముట్ల పెట్టె బురదలో ఉండిపోయింది. అందులోని పది అంగుళాల స్పానర్ మర కదల్లేదు. కిరోసిన్‌లో రెండు రాత్రులు నానబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో మర పళ్ల సందుల్లో బురద తీసి, పక్కనున్న పిన్ను మరను విప్పి దవడ బయటికి లాగాను. లోపల ఎర్రటి ముద్ద. తుడిచి, నాలుగు చుక్కలు ఇంజన్ ఆయిల్ వేసి బిగించాక బొటనవేలితో తిరిగింది. ఇప్పుడు ఆ స్పానర్ నా టేబుల్ సొరుగులో ఉంటుంది, రోజూ వాడుతున్నాను.