"కరెంటు అయిపోతాది కదా మేడం!" ఒక బీఈడీ ట్రైనీ అపోహలు, వాస్తవాలు

నాది బీఈడీ రెండో ఏడాది, ఫిజికల్ సైన్స్ మెథడాలజీ. చదువు తిరుపతిలో. 16 వారాల ఇంటర్న్‌షిప్ మాత్రం నగరి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పడింది. పొద్దున్నే బస్సెక్కితే పుత్తూరు దాటేసరికి పక్క సీట్లో మాటలు తెలుగులోంచి తమిళంలోకి జారిపోయేవి. దిగేసరికి మరమగ్గాల టకటక వినిపించేది. పదో తరగతి మా ట్రైనీల చేతికి ఇవ్వరు, పబ్లిక్ పరీక్షలు కదా. నాకు ఏడు, తొమ్మిది ఇచ్చారు. ఏడో తరగతి గదిలో గోడకి పెద్ద ఐఎఫ్‌పీ ప్యానెల్ (చేత్తో తాకితే పనిచేసే డిజిటల్ బోర్డు) ఉంది. దాన్ని చూడగానే సగం పని అయిపోయిందనుకున్నాను.

అలాంటివి ఇంకా చాలా అనుకున్నాను. తోటి ట్రైనీలు కొందరు ఇప్పటికీ అనుకుంటున్నారు కాబట్టి రాస్తున్నా.

అపోహ: ప్యానెల్ వేస్తే పిల్లలు శ్రద్ధగా వింటారు

ఊరకుంటారు. వినడం వేరు.

మొదటి వారం ఏడో తరగతికి విద్యుత్ పాఠం. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళు 2002 నుంచి చేస్తున్న ‘ఫెట్’ సిమ్యులేషన్లు, అంటే తెర మీద మనమే కదిలించి చూసే ప్రయోగాలు, ఉచితంగా దొరుకుతాయి, కొన్నిటికి తెలుగు కూడా ఉంది. అందులో బ్యాటరీ, వైరు, బల్బు లాగి కలిపాను. బల్బు వెలిగింది. వైరులో ఎలక్ట్రాన్లు నీలం గోళీల్లా వరసగా కదిలాయి. గది అంతా గప్‌చుప్. "అర్థమైందా?" అంటే "అయింది మేడం!" అని ఒకే గొంతు. రికార్డులో ‘విద్యార్థులు చురుగ్గా పాల్గొన్నారు’ అని రాసుకున్నాను.

వెనక బెంచీలో కూర్చున్న మా మెంటార్ సార్ బయటికొచ్చాక ఒక్కటే అడిగారు. "అడిగితివి సరేమ్మా, ఆగితివా?"

ఆగలేదు. ప్రశ్న నాదే, జవాబూ నాదే. ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక ఎంతసేపు ఆగుతారో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో టేపు రికార్డులు పెట్టి లెక్కగట్టింది. సగటున ఒక్క సెకను వచ్చింది. అదే 3 సెకన్లు ఆగితే జవాబులు పొడుగవుతాయి, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడతారు. ఇది నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతే. మైక్రో టీచింగ్ అని, చిన్న పాఠం చెప్పి, సలహాలు విని, మళ్ళీ చెప్పే సాధన కూడా చేశాం. అయితే అక్కడ ఎదురుగా కూర్చునేది తోటి ట్రైనీలు. వాళ్ళకి జవాబు ముందే తెలుసు, ఆగాల్సిన పని రాదు.

మర్నాడు ప్యానెల్ ఆఫ్ చేసే ఉంచాను. ‘ప్లికర్స్’ కార్డులు ప్రింటు తీసుకెళ్ళాను. పిల్లలకి ఫోన్లు అక్కర్లేదు, తలా ఒక కాగితం కార్డు చాలు. దాన్ని ఏ వైపు తిప్పి పట్టుకుంటే అది ఏ, బీ, సీ, డీ. నా ఫోను కెమెరా ఒకసారి గది మీదుగా తిప్పితే ఎవరు ఏం పట్టారో వచ్చేస్తుంది. పక్కవాడి కార్డు చూసి రాయడం కుదరదు, కార్డు కార్డుకీ బొమ్మ వేరు. ఒకటే ప్రశ్న వేశాను: బల్బులోకి వెళ్ళే కరెంటు, బల్బు దాటి బయటికొచ్చే కరెంటు, రెండింట్లో ఏది ఎక్కువ?

సగానికంటే ఎక్కువ మంది ‘లోపలికి వెళ్ళేదే ఎక్కువ’ అన్నారు. నిన్న "అయింది మేడం" అన్నవాళ్ళే.

ఎందుకని అడిగి, ఈసారి ఆగాను. మగ్గాలు నడిపే ఇంటి పిల్లాడొకడు లేచాడు. "బల్బు కొంచెం తాగేస్తాది కదా మేడం. కరెంటు అయిపోకుంటే బిల్లు దేనికి కడతారు?"

ఇంత తర్కం నా లెసన్ ప్లాన్‌లో లేదు. నిజానికి తప్పు వాడిది కాదు, మన మాటది. ‘కరెంటు పోయింది’, ‘కరెంటు కాలుతోంది’, ‘కరెంటు బిల్లు’ అని విద్యుత్తుకీ, విద్యుచ్ఛక్తికీ, విద్యుత్ ప్రవాహానికీ ఇంట్లో మనం వాడేది ఒకే మాట. సర్క్యూట్లో ప్రవాహం తగ్గదు, వెళ్ళినంతా తిరిగొస్తుంది. ఖర్చయ్యేది శక్తి. బిల్లులో ‘యూనిట్’ అంటే ఒక కిలోవాట్ గంట, అది శక్తి లెక్క. మనం డబ్బు కట్టేది దానికే. ఈ పిల్లలకి బిల్లు చిన్న విషయం కాదు, మగ్గం ఇంట్లో నెలనెలా దాని మీదే గొడవ. సిమ్యులేషన్ ఎన్నిసార్లు ఆడించినా ఈ ప్రశ్న బయటికి రాదు. అది సరైన జవాబుని అందంగా చూపిస్తుంది, పిల్లాడి తలలో ఉన్న జవాబుని చూడలేదు.

మధ్యాహ్నం స్టాఫ్ సైకిలొకటి అడిగి తెచ్చి బల్ల మీద తలకిందులుగా పెట్టాం. పెడలు తిప్పితే గొలుసు తిరుగుతుంది, వెనక చక్రం తిరుగుతుంది. చక్రానికి గుడ్డ అదిమి పట్టమన్నాను; గొలుసు ప్రవాహం, గుడ్డ బల్బు అన్నమాట. గుడ్డ వేడెక్కింది, పెడలు తిప్పే పిల్లకి చెయ్యి నొప్పెట్టింది. "గొలుసు ఏమైనా తగ్గిందా?" "లేదు మేడం." "మరి వేడి ఎక్కడిది?" ఈసారి మూడు సెకన్లు కాదు, చాలాసేపే ఆగాల్సి వచ్చింది. "నా చేతిది," అంది పెడలు తిప్పిన పిల్ల.

ఆ తర్వాతే మల్టీమీటర్ తీసి బల్బుకి ముందొకసారి, వెనకొకసారి కొలిచాం. రీడింగు ఒకటే. ఆ తర్వాతే ప్యానెల్.

అపోహ: సిమ్యులేషన్ కంటితో చూపిస్తుంది కాబట్టి తప్పు అర్థం చేసుకునే వీల్లేదు

"మేడం, వైరు కోస్తే నీలం గోళీలు కింద పడతాయా?" ఇది రెండో రోజు ప్రశ్న. నవ్వు ఆపుకున్నాను గానీ, గోళీలు చూపించింది నేనే కదా. ఇంకొకమ్మాయికి, స్విచ్ వేశాక గోళీ పరుగెత్తుకుంటూ బల్బు దాకా వెళ్తేనే వెలుగుతుందని గట్టి నమ్మకం. మామూలు రాగి తీగలో ఎలక్ట్రాన్లు ముందుకు జరిగే వేగం సెకనుకి ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అయినా బల్బు వెంటనే వెలుగుతుంది, ఎందుకంటే తీగ నిండా అవి ముందే ఉన్నాయి, అన్నీ ఒకేసారి కదులుతాయి. గొలుసులో ఒక లంకె లాగితే మొత్తం కదిలినట్టు. మళ్ళీ సైకిలే గట్టెక్కించింది. ఏ బొమ్మ చూపించినా అందులో ఏది నిజం, ఏది గీసినవాళ్ళ సౌకర్యం అన్నది నోటితో చెప్పాల్సిందే.

అపోహ: చదివితే 10 శాతం, చూస్తే 30 శాతం, చేస్తే 90 శాతం గుర్తుంటుంది

మా బ్యాచ్‌లో ఈ త్రిభుజం చార్టు గీయని వాళ్ళు లేరు, నేనైతే రంగులేసి మరీ గీశాను. కింద అమెరికా విద్యావేత్త ఎడ్గార్ డేల్ పేరు. డేల్ 1946లో తన పుస్తకంలో గీసిన ‘అనుభవాల శంకువు’లో ఒక్క శాతం అంకె కూడా లేదు. ఆ అంకెలు తర్వాత ఎవరో అంటించారు. అంత గుండ్రని సంఖ్యలు ఏ ప్రయోగంలో వస్తాయని సైన్స్ చదివిన మేమే అడగలేదు. అదే వరసలో ‘ఈ పిల్లాడు చూసి నేర్చుకునే రకం, ఆ పిల్ల విని నేర్చుకునే రకం’ అనేదీ ఉంది. ఆ రకానికి తగ్గట్టు బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి సరైన ఆధారాలు లేవని 2008లో మనస్తత్వవేత్త పాష్లర్ బృందం సమీక్షించి చెప్పింది. అయినా లెసన్ ప్లాన్‌లో ఆ గడి నింపుతూనే ఉన్నాం.

అపోహ: పాఠాన్ని మలచుకోవడం అంటే తేలిక చేయడం

మా తరగతిలో కొందరికి ఇంట్లో తమిళం, బడిలో తెలుగు, పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. వాళ్ళకి సగం పాఠం తీసేసి చిన్న వర్క్‌షీట్ ఇద్దామనుకున్నాను. సార్ ఒప్పుకోలేదు. "వాళ్ళకి తక్కువైంది తెలివా, మాటా?" అన్నారు.

ఫోనులో అనువాదం యాప్ పెట్టి చూశాను. అది ఇచ్చిన పుస్తకాల తమిళం పిల్లలకి తెలుగు కంటే కష్టమైంది. సార్‌కి తమిళం వచ్చు. ఆయనే చెప్పారు, తమిళంలో విద్యుత్తుకి ‘మిన్‌సారం’, ప్రవాహానికి ‘మిన్నోట్టం’, రెండు వేరు మాటలు. ఓట్టం అంటే పరుగు. బోర్డు మీద తెలుగు లిపిలోనే రెండూ రాశాను. వాళ్ళ అర్థం వాళ్ళనే చెప్పమంటే, వెనక బెంచీ పిల్ల లేచి తక్కినవాళ్ళకి చెప్పింది: "పరుగు అట్లనే ఉండాది, సారం అయిపోతాది." సారం అంటే శక్తి అని నేను సవరించలేదు. ఆ వారానికి అంతకంటే మంచి వాక్యం నా దగ్గర లేదు.

చూపు తక్కువున్న పిల్లాడొకడున్నాడు. ప్యానెల్ ఇంత పెద్దదుంటే వాడికి బాధ లేదనుకున్నా. ఒకరోజు వాడి చోటులో కూర్చుని చూస్తే కిటికీ వెలుతురు అద్దం మీద పడి నాకే ఏమీ కనిపించలేదు. పైగా ఇంగ్లీషు అక్షరం సరిపోయిన సైజులో తెలుగు సరిపోదు, ఒత్తులు ముద్దయిపోతాయి. ‘విద్యుచ్ఛక్తి’ దూరం నుంచి చూస్తే నల్లటి చుక్కే. అక్షరాలు పెంచి, స్లైడుకి నాలుగు లైన్లు మించకుండా పెట్టి, వాడికి పెద్ద అక్షరాల కాగితం విడిగా ఇచ్చాను. పాఠంలో ఒక్క ముక్క తగ్గలేదు. స్లైడు పెట్టాక చివరి బెంచీలో కూర్చుని చూడటం అప్పటి నుంచి అలవాటైంది.

అపోహ: ఏఐకి చెబితే లెసన్ ప్లాన్ రాసిస్తుంది

రాసిస్తుంది, అచ్చులో పోసినట్టు. తొమ్మిదో తరగతికి పీడనం మీద అడిగితే మంచు మీద నడిచే వెడల్పు బూట్ల ఉదాహరణ ఇచ్చింది. నగరిలో మంచు! బురద పొలంలో ట్రాక్టరుకి ఇనుప కేజ్ వీల్ ఎందుకు తగిలిస్తారో అడిగితే చాలు, పిల్లలే పాఠం చెప్పేస్తారు. పని, శక్తి పాఠానికి మాత్రం దాన్ని అసలు అడగలేదు. తిరుమల కొండకి అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. ఏ దారిన వెళ్ళినా ఎక్కే ఎత్తు ఒకటే అయితే గురుత్వాకర్షణకి వ్యతిరేకంగా చేసే పని ఎక్కడ ఎక్కువ? అరగంట వాదులాడుకున్నారు. అలిపిరి దారిలో మధ్యలో చదునుగా నడవాలి కదా, మరి కాళ్ళ నొప్పి లెక్కలోకి రాదా అని ఒకడు నిలదీశాడు. ఏఐని నేను బహుళైచ్ఛిక ప్రశ్నల చిత్తుప్రతికి వాడతాను. తప్పు జవాబులు బాగానే పుట్టిస్తుంది, అయితే మా పిల్లలు నిజంగా చేసే తప్పుల్ని నేనే చేర్చాలి.

అపోహ: నెట్ లేకపోతే, కరెంటు పోతే ఆ పీరియడ్ పోయినట్టే

ఫెట్ సిమ్యులేషన్లు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవచ్చు. పాఠ్యపుస్తకం క్యూఆర్ కోడు వెనకున్న, ప్రభుత్వ దీక్షా యాప్‌లోని వీడియోలూ అంతే. ఇక ఒకే గదిలో రకరకాల స్థాయిల పిల్లలకి వాళ్ళ వాళ్ళ వేగంలో నేర్పడం అంటే యాప్ కావాలనుకునేవాళ్ళు మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూలు వాళ్ళ పల్లె బడుల పద్ధతి చూడాలి. కార్డులు, గోడ మీద నిచ్చెన పటం, పిల్లాడు తన మెట్టు తనే చూసుకుని కార్డు తీసుకుంటాడు. తర్వాత తమిళనాడు బడుల్లోకి వెళ్ళిన కార్డుల పద్ధతికి మూలం అదే.

నా ఫైనల్ అబ్జర్వేషన్ రోజున సూపర్‌వైజర్ వచ్చి కూర్చున్న ఐదు నిమిషాలకి నిజంగానే కరెంటు పోయింది. మగ్గాల టకటక కూడా ఆగింది. పిల్లలు నావైపు చూడలేదు, మూలనున్న సైకిలు వైపు చూశారు. పాఠం దాంతోనే నడిచింది, బిల్లు ప్రశ్న వేసిన పిల్లాడే ఈసారి పక్క సెక్షన్ నుంచి వచ్చిన ఇద్దరికి గొలుసు సంగతి చెప్పాడు. అబ్జర్వేషన్ ఫారంలో ‘ఐసీటీ వినియోగం’ (టెక్నాలజీ వాడకం) గడిలో అడ్డగీత పడింది, రెండు మార్కులు పోయాయి.

మర్నాడు కరెంటు ఉంది. ఆరు నిమిషాలు సిమ్యులేషన్ వేశాను. "మేడం, ఆ నీలం గోళీలు అంత జోరుగా పోవు కదా," అన్నారు.