మన జడ మనమే వేసుకోవడం: పార్లర్‌లో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

నల్లగొండలో చిన్న పార్లర్ నాది. పెళ్లికూతుళ్ల పూలజడలతో పైసలొస్తాయి గానీ, "అక్కా, నా జడ నేనే వేసుకునుడు నేర్పవా" అని వచ్చే పిల్లలంటేనే నాకు ఇష్టం. హాస్టల్‌కు పోయేవాళ్లు, హైదరాబాద్‌లో కొత్తగా ఉద్యోగమొచ్చి రూముల్లో ఉండేవాళ్లు, బతుకమ్మ తొమ్మిది రోజులూ తీరొక్క జడ వేసుకుందామనుకునేవాళ్లు. చాలామందికి వేళ్లు చక్కగానే ఆడతాయి. ఎవరో చెప్పిన మాటలు తలకెక్కించుకుని వస్తారు, అవి దించేసరికే సగం క్లాసు అయిపోతుంది.

అపోహ: అద్దం ముందు నిలబడితేనే సొంత జడ వస్తుంది.

నా అనుభవంలో అద్దమే అసలు అడ్డం. తల వెనక ఏం జరుగుతుందో చూడాలంటే ఇంకో అద్దం కావాలి. రెండు చేతులూ జుట్టులో ఉంటే ఆ రెండోది ఎవరు పట్టుకోవాలి? గోడకు తగిలించుకున్నా లాభం లేదు. అందులో చూస్తూ చెయ్యి కదిపితే ఎటు పోవాలో తెలియక వేళ్లు తడబడతాయి, పాయలు జారిపోతాయి. సెల్ఫీ కెమెరా పెట్టుకునేవాళ్లకూ ఇదే తిప్పలు.

అందుకే నేను ముందు తల ముట్టనివ్వను. కిటికీ ఊచకు ఎరుపు, తెలుపు, నలుపు రిబ్బన్లు మూడు కట్టి ఇస్తాను. కుడి పాయ నడిమి పాయ మీదుగా లోపలికి రావాలి, తర్వాత ఎడమ పాయ అట్లనే రావాలి. లోపలికొచ్చిందే ఇప్పుడు నడిమి పాయ. అది చూడకుండా వచ్చేదాకా కళ్లు మూసుకుని అల్లమంటాను. ఆ తర్వాత జుట్టు భుజం మీదుగా ముందుకేసుకుని పక్కజడ. వెనక జడ ఆఖరుకు. ఈ వరస తప్పించి నేరుగా ఫ్రెంచ్ జడకు (నుదుటి నుంచి కొత్త జుట్టు కలుపుకుంటూ తలకు అంటి అల్లే జడ) దూకిన పిల్లలే "నాకు రాదు" అని మానేస్తారు.

ఫ్రెంచ్ జడలో ఎవరూ సరిగ్గా చెప్పని కిటుకు ఒకటుంది. ఎప్పుడూ ఒక చేతిలో రెండు పాయలుంటాయి, ఇంకో చేతిలో ఒకటే ఉంటుంది. ఒకే పాయ ఉన్న చెయ్యే కొత్త జుట్టు తేవాలి. నుదుటి పైన మూడు వేళ్ల వెడల్పు జుట్టు తీసుకుని, మూడు పాయలు చేసి, ఒక చుట్టు మామూలుగా అల్లండి. ఇక కుడి పాయను లోపలికి తెచ్చే ముందు, కుడిచేతి చిటికెన వేలితో ఆ పక్కనుంచి సన్నగా జుట్టు గీసి దాంట్లో కలపండి. కలిపాక లోపలికి తెచ్చి, ఎడమచేతిలో ఉన్న పాత నడిమి పాయను కుడిచేతికి మార్చండి. ఇప్పుడు ఎడమచేతిలో ఒకటే మిగిలింది కాబట్టి దాని వంతు. ఈ చేతిమార్పిడి ఒక్కటి పట్టుబడితే మిగతాదంతా అలవాటే.

డచ్ జడ అంటే ఇదే, కాకపోతే పాయలు మీదుగా కాకుండా కిందినుంచి పోతాయి. జడ పైకి ఉబ్బి కనిపిస్తుంది. వేళ్లకు ఆ గట్టు తగులుతుంటే ఎక్కడున్నామో తెలుస్తుంది కాబట్టి నేనైతే ఫ్రెంచ్ కన్నా ముందు డచ్చే నేర్పుతాను. వేరే పార్లర్లవాళ్లు దీనికి ఒప్పుకోరు, వాళ్లిష్టం.

చెయ్యి మెడ దాకా వచ్చేసరికి అందరూ తల ముందుకు వంచుతారు. తల ఎత్తగానే అక్కడి జుట్టు వదులై సంచిలా వేలాడుతుంది. గడ్డం కొంచెం పైకే ఉంచండి. మెడ దాటాక జడను భుజం మీదుగా ముందుకు తెచ్చుకుని పూర్తిచేస్తే చేతుల గుంజుడూ ఉండదు.

అపోహ: గట్టిగా అల్లితే జుట్టు బాగా పెరుగుతుంది.

బడి పిల్లలను తీసుకొచ్చే తల్లులు చెప్పే మాట ఇది. "గట్టిగ ఏయ్ అక్కా, సాయంత్రం దాక ఊడొద్దు, జుట్టు కూడ పెరుగుతది." జుట్టు పెరిగేది కుదుళ్లలో. నెలకు సుమారు ఒక సెంటీమీటరు, అల్లినా అంతే, అల్లకపోయినా అంతే. జడ చేసే మేలల్లా ఉన్న జుట్టు చిక్కుపడకుండా, రాపిడికి చివర్లు తెగకుండా కాపాడటం. తెగుడు తగ్గుతుంది కాబట్టి పొడుగైనట్టు అనిపిస్తుంది.

గట్టిగా గుంజితే జరిగేది వేరే. రోజూ ఒకే చోట లాగుడు పడితే నుదుటి అంచున, కణతల దగ్గర, చెవుల ముందర జుట్టు పలచబడుతుంది. డాక్టర్లు దీన్ని ట్రాక్షన్ అలోపీషియా అంటారు. మొదట్లోనే పసిగట్టి లాగుడు మానేస్తే జుట్టు తిరిగి వస్తుంది. ఏళ్ల తరబడి అట్లనే సాగితే కుదుళ్లు మూసుకుపోయి ఇక రాదు. జడ వేశాక కనుబొమ్మలు ఎగరేసి చూడండి. నుదురు బిగిసినట్టుందా? పాపిడి వెంట సన్నటి పొక్కులు లేచాయా? విప్పేటప్పుడు కుదుళ్లు నొప్పి పెడుతున్నాయా? ఇందులో ఏ ఒక్కటున్నా ఆ జడ బిగువే. మొదటి రెండు మూడు మెలికలు వదులుగా వేసి, కిందికి పోయేకొద్దీ బిగించండి. జడ సాయంత్రం దాకా ఆగేది కింది మెలికల వల్ల, కుదుళ్లను గుంజినందుకు కాదు.

రెండు జడలు వేసి, పైకి మడిచి, రిబ్బన్ కట్టే బడిపిల్లలకు బరువంతా చెవుల వెనకే పడుతుంది. సెలవుల్లోనైనా ఆ చోటుకు విశ్రాంతినివ్వండి. పాపిడి కూడా అప్పుడప్పుడు పక్కకు మార్చండి, ఏళ్లకేళ్లు ఒకే చోట తీస్తే అక్కడ తల చర్మం తెల్లగా కనిపించడం మొదలవుతుంది. సవరం పెట్టుకునేవాళ్లకూ ఇదే మాట. పండుగపూట పర్వాలేదు, రోజూ ఆ బరువు మోయొద్దు.

అపోహ: జడ విప్పితే గుప్పెడు జుట్టు వస్తోంది, జడ వల్లే ఊడుతోంది.

మామూలు మనిషికి రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు ఎలాగూ రాలతాయి. జుట్టు వదిలేసి ఉంటే అవి ఇల్లంతా, బట్టలంతా పడతాయి, మనం లెక్కచేయం. జడలో ఉంటే అక్కడే ఆగిపోయి విప్పినప్పుడు ఒక్కసారి చేతికొస్తాయి. రెండ్రోజుల జడ విప్పితే రెండ్రోజులవి. భయపడాల్సిందేం లేదు. గుండ్రంగా మచ్చలా ఒక చోట ఊడితే మాత్రం చర్మ డాక్టరు దగ్గరికి పోండి, పార్లర్‌కు కాదు.

అపోహ: తలస్నానం చేసి తడి మీదే అల్లితే జడ నున్నగా వస్తుంది.

నున్నగా వచ్చే మాట నిజమే. కానీ తడి వెంట్రుక సాగుతుంది, సాగినప్పుడు లాగితే తెగుతుంది. ఆరేటప్పుడు బిగుసుకుని ఇంకా గుంజుతుంది. పూర్తిగా ఆరనిచ్చి, వీలైతే మర్నాడు వేయండి. అప్పుడే తల పోసుకున్న జుట్టు జారిపోతుంది కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్లకు రెండో రోజు జుట్టే మంచిది. మరీ జారుతుంటే వేళ్లకు కాస్త నీళ్లు అద్దుకుంటే చాలు.

అపోహ: మన ఫ్లోరైడ్ నీళ్లకు జడ వేసుకునే జుట్టు మిగలదు.

మర్రిగూడ, మునుగోడు దిక్కు నుంచి వచ్చినవాళ్లు ఈ మాట అంటే కాదనబుద్ధి కాదు, వాళ్ల ఊళ్లు ఆ నీళ్లతో పడ్డ కష్టం అట్లాంటిది. కానీ ఫ్లోరైడ్ దెబ్బ ప్రధానంగా పళ్లమీద, ఎముకలమీద. జుట్టు గరుకై, చిక్కులు పడి, దువ్వెన ఆగిపోవడానికి ఎక్కువగా కారణం బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. సబ్బు నురగ రాదు, వెంట్రుకకు పొరలా అంటుకుంటుంది. ఆఖరు రెండు చెంబులు నల్లా నీళ్లో, పట్టి ఉంచిన వాన నీళ్లో పోసుకోండి. చిక్కు తీసేటప్పుడు కిందినుంచి మొదలుపెట్టి పైకి రండి.

అపోహ: బిగించి జడ వేస్తే పేలు ఎక్కవు.

పేను ఎగరదు, దూకదు, పాకుతుంది. తలకు తల తగిలితే ఎక్కుతుంది. జడ వేసుకుంటే ఆ తగులుడు కొంత తగ్గుతుందంతే. ఇప్పటికే ఉన్న పేలకు జడ పనిచేయదు, పేల దువ్వెనో, మందో కావాలి.

అపోహ: పొడుగు జుట్టు ఉన్నోళ్లకే ఈ తీర్లన్నీ. చేప జడ అయితే మరీ కష్టం.

భుజాల దాకా ఉంటే డచ్, ఫ్రెంచ్ రెండూ వస్తాయి. తలకు అంటి పోయే జడ కాబట్టి పొడుగు అంతగా అవసరం లేదు. లేయర్లు కత్తిరించుకున్నవాళ్లకే పొట్టి వెంట్రుకలు బయటికొచ్చి తిప్పలు. ఇక చేప జడలో ఉన్నవి రెండే పాయలు. కుడి పాయ అంచు నుంచి సన్నటి పోగు తీసి ఎడమ పాయలో కలపడం, ఎడమ నుంచి తీసి కుడిలో కలపడం, అంతే. చూడ్డానికి గొప్పగా ఉంటుంది గానీ పని నిదానమే తప్ప కష్టం కాదు. పోగు ఎంత సన్నగా తీస్తే అంత అందం. నాలుగు పాయల జడ దానికన్నా కష్టం, సొంతంగా వెనక వేసుకోవడం నాకే విసుగు.

చివర కట్టడానికి కాగితాలకు వేసే రబ్బరు బ్యాండు వద్దు, వెంట్రుకలు దానికి చుట్టుకుని తెగుతాయి. బట్ట చుట్టిన రబ్బరు వాడండి. చిన్న ప్లాస్టిక్ బ్యాండ్లు వేస్తే విప్పేటప్పుడు లాగొద్దు, కత్తెరతో కత్తిరించేయండి, అగ్గువే కదా.