పాత చిత్రికకు ధర కట్టడం: అపోహలు - వాస్తవాలు

చెక్కను నునుపు చేసే పాత చిత్రిక చేతికి రాగానే చాలామంది ముందు దాని వయసు అడుగుతారు. నేను మాత్రం బ్లేడు విప్పి, చిత్రికను తిరగేసి నోరు, అంటే అడుగున బ్లేడు బయటికి వచ్చే సందు, చూస్తాను. పాత చిత్రికలు కొని, బాగుచేసి, వాటితోనే పనిచేసేవాడిగా నా లెక్క ఒకటే: ఇందులో నేను సరిచేయగలిగేది ఏది, ఎవరు ఏం చేసినా సరికానిది ఏది? సరికానిది ఏదీ లేకపోతే మిగతాదంతా ఓపికతో అయ్యే పని. ఈ లెక్క తెలియక, తుప్పు చూసి మంచి చిత్రికను వదిలేసేవాళ్ళనీ, మెరుపు చూసి పనికిరానిదాన్ని కొనేవాళ్ళనీ చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అపోహ: తుప్పు పట్టిందంటే ఇక పోయినట్టే.

వాస్తవం: తుప్పు ఎంత ఉందన్నది కాదు, ఎక్కడ ఉందన్నదే ముఖ్యం. ఎర్రటి పొడిలా పైపైన పట్టిన తుప్పు నూనెతో, ఎమరీ పేపర్‌తో ఒక పూటలో పోతుంది. లోహాన్ని తినేసి గుంటలు చేసిన తుప్పు వేరు. ఆ గుంటలు కూడా అడుగు భాగంలో నోటికి దూరంగా ఉంటే చెక్క మీద ఏ తేడా కనిపించదు. నోటి ముందు అంచున ఉంటే ఆలోచించాలి. బ్లేడు వెనక వైపు ఉంటే మాత్రం ధర తగ్గించాల్సిందే. ఎందుకంటే పదును అనేది రెండు తలాలు కలిసే గీత. ఏటవాలు వైపు మీరు ఎంత బాగా నూరినా, వెనక వైపున్న గుంట అంచుదాకా వచ్చిన రోజు అక్కడ చిన్న నొక్కు పడుతుంది, చిత్రిక పట్టిన ప్రతిసారీ చెక్క మీద ఒక గీత మిగులుతుంది. గుంటలు చివరి రెండు మూడు మిల్లీమీటర్లలోనే ఉంటే అంతవరకు అరగదీసి వాడుకోవచ్చు. బ్లేడంతా అలాగే ఉంటే, అసలు బ్లేడే లేదనుకుని ధర కట్టండి.

స్క్రూలు, నట్లు తిరుగుతున్నాయో లేదో కూడా చూడండి. అమెరికన్ కంపెనీ స్టాన్లీ చేసిన పాత చిత్రికల్లో చాలా స్క్రూల మర చుట్లు మామూలు షాపులో దొరికేవాటితో కలవవు. ఒక్క స్క్రూ పోయినా వెతుకులాట తప్పదు. లోతు సరిచేసే ఇత్తడి నట్టుకు చాలావాటిలో ఎడమ చుట్టు మర ఉంటుంది. అది తెలియక ఎదురు తిప్పి, బిగుసుకుపోయిందనుకునేవాళ్ళు ఎక్కువ.

అపోహ: కొత్తదానిలా మెరుస్తోంది, కాబట్టి బాగుంది.

వాస్తవం: నాకు ఎక్కువ అనుమానం వచ్చేది అలాంటివాటి మీదే. కొత్తగా వేసిన నల్ల రంగు కింద పగులు దాగి ఉండొచ్చు. పోత ఇనుము పెళుసు, కింద పడితే పగులుతుంది. ఆ పగుళ్ళు ఎక్కువగా నోటి మూలల్లోంచి, లేదంటే పక్క గోడల మీద మొదలవుతాయి. అన్ని భాగాలూ విప్పేసి, బాడీని దారంతో వేలాడదీసి చిన్న చెక్క ముక్కతో తట్టండి. బాగున్న ఇనుము ఖంగుమని మోగుతుంది, పగిలినది మొద్దుగా పలుకుతుంది. తర్వాత టార్చి వేసి లోపలి వైపు కూడా చూడండి. పసుపు రంగు గీత కనిపిస్తే ఎవరో ఇత్తడితో అతికించారన్నమాట. అడుగు సరిగ్గా ఉంటే అది పనికి వస్తుంది, కానీ సేకరించేవాళ్ళు దాన్ని ముట్టుకోరు. మెషీన్ మీద బెల్టుతో రుద్ది మెరిపించిన అడుగు ఇంకో ప్రమాదం: అంచులు గుండ్రబడి, మధ్యలో ఉబ్బుగా మిగులుతుంది. దాన్ని మళ్ళీ చదును చేయడం తుప్పు వదిలించడం కంటే చాలా కష్టం.

అపోహ: ఎంత పాతదైతే అంత విలువ.

వాస్తవం: ఇనుప చిత్రికల్లో ఇప్పుడు మనకు కనిపించేవాటిలో ఎక్కువ భాగం లియొనార్డ్ బెయిలీ డిజైన్‌వే. ఆయన పేటెంట్ హక్కులను స్టాన్లీ కంపెనీ 1869లో కొనుక్కుంది. స్టాన్లీ చిత్రికలను సైజును బట్టి నంబర్లతో పిలుస్తారు. అప్పటి నుంచి 4వ నంబరు, 5వ నంబరు చిత్రికలు లెక్కకు మించి తయారయ్యాయి. కాబట్టి వందేళ్ళు దాటినంత మాత్రాన 4వ నంబరు అరుదైన వస్తువు కాదు. అదే 1వ నంబరు అయిదున్నర అంగుళాలే ఉంటుంది, నిజమైన పనికి చాలా చిన్నది. అయినా సేకరించేవాళ్ళు దానికి పెద్ద మొత్తం పెడతారు, అందుకే దానికి నకళ్ళు కూడా ఉన్నాయి. పనిముట్టు ధర వేరు, సేకరణ ధర వేరు. అమ్మేవాళ్ళు ఈ రెండూ కలిపేసి మాట్లాడతారు. మనం విడదీసి వినాలి.

వయసు చెప్పడానికి ఫ్రాగ్ (బ్లేడు ఆనుకునే ఏటవాలు దిమ్మ) వెనక పోతలో ఉన్న అంకెలు చూపిస్తారు. అక్కడ 1902, 1910 అని ఉంటే అవి పేటెంట్ తేదీలు, తయారైన సంవత్సరం కాదు. వయసు తెలియాలంటే భాగాల రూపం చూడాలి. ఫ్రాగ్‌ను ముందుకీ వెనక్కీ జరిపే స్క్రూ 1907 ప్రాంతంలో వచ్చింది. లీవర్ క్యాప్ (బ్లేడును పై నుంచి బిగించి పట్టే భాగం) మీద మూత్రపిండం ఆకారపు రంధ్రం 1933 ప్రాంతం నుంచి కనిపిస్తుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఇత్తడి కొరత వల్ల నట్లు ఇనుముతోనో నల్ల రబ్బరుతోనో చేశారు, పిడులకు మామూలు చెక్క వాడారు. చూడటానికి నాసిరకంలా అనిపించి చాలామంది పక్కన పెట్టేస్తారు. కానీ వాటి పోత మందంగా ఉంటుంది, పనికి నాకు చాలా ఇష్టం.

అపోహ: పేరున్న బ్రాండైతే కళ్ళు మూసుకుని కొనొచ్చు.

వాస్తవం: స్టాన్లీలోనే హ్యాండీమ్యాన్ అనే చవక రకం ఉంది. పేరు చూసి దానికి బెయిలీ ధర పెట్టకండి. పేరు కంటే ఫ్రాగ్ నిజం చెబుతుంది. దాన్ని విప్పి, బాడీ మీద అది కూర్చునే చోటు చూడండి. ఆ తలాలు వెడల్పుగా, మెషీన్ మీద చెక్కినట్టు నునుపుగా ఉండాలి. రంగు పూసిన గరుకు గట్ల మీద ఫ్రాగ్ ఊగుతుంటే గట్టి చెక్క మీద బ్లేడు అదురుతుంది, ఎంత పదును పెట్టినా ఆ అదురు పోదు. ఫ్రాగ్ ఇంకో మోడల్ నుంచి తెచ్చి పెట్టిందైనా ఇదే తేడా కనిపిస్తుంది.

అపోహ: అడుగు అద్దంలా చదునుగా ఉండాలి.

వాస్తవం: ముందు కొస, నోటి ముందు అంచు, వెనక కొస ఒకే తలంలో ఉంటే చాలు. బ్లేడును లోపలికి లాగి, లీవర్ క్యాప్ బిగించి ఉంచే పరీక్షించండి. ఆ ఒత్తిడికి ఇనుము కొద్దిగా వంగుతుంది కాబట్టి విప్పి చూస్తే తప్పు లెక్క వస్తుంది. నోటికి సరిగ్గా ముందు పల్లం ఉండటం చెడ్డ లోపం, ఎందుకంటే కోతకు ముందు చెక్క పీచును నొక్కిపట్టేది ఆ చోటే. 4వ నంబరైతే గాజు పలక మీద ఎమరీ పేపర్ అంటించి రుద్దుకోవచ్చు. 22 అంగుళాల 7వ నంబరు మెలి తిరిగి ఉంటే నేను కొనను. అడుగున పొడవాటి గాడులు ఉన్న రకానికి ఎక్కువ ధర అడుగుతుంటారు. పనిలో నాకు ఎప్పుడూ తేడా తెలియలేదు.

అంచు విరిగి వెడల్పయిన నోటిని మళ్ళీ చిన్నది చేయలేం. ఫ్రాగ్‌ను ముందుకు జరపడం, మందమైన బ్లేడు వేయడం కొంత సాయపడతాయి. అయినా ఇది ఏ చిత్రికకు ఉందన్నది చూడాలి. నునుపు పనికి వాడే 4కు ఇది పెద్ద లోటు. మందంగా పొట్టు తీసే 5కు లోటే కాదు.

పిడి విరగడం గురించి ఎక్కువ ఆలోచించకండి. రెండు ముక్కలూ ఉంటే జిగురుతో అతుకుతుంది, లేకపోతే కొత్తది చేసుకోవచ్చు. రోజ్‌వుడ్ అసలు పిడి అన్నది సేకరించేవాళ్ళకే ముఖ్యం. బ్లేడు పొట్టిదైనా, అంచు నీలం రంగుకు తిరిగి గట్టిదనం పోయినా కొత్తది దొరుకుతుంది, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించి అడగండి.

అపోహ: చెక్క చిత్రికలకు విలువ లేదు.

వాస్తవం: వాటి బ్లేడ్లు చాలావాటిలో మందంగా, పై నుంచి కొసకు మందం పెరుగుతూ ఉంటాయి. కొన్నిసార్లు బాడీ కంటే బ్లేడుకే ధర ఎక్కువ. అడుగు చదును చేసిన ప్రతిసారీ నోరు పెద్దదవుతుంది, కానీ ఇనుములో కుదరనిది ఇక్కడ కుదురుతుంది: గట్టి చెక్క ముక్క పొదిగి నోరు సరిచేయొచ్చు. బ్లేడును బిగించే చీల ఆనే చోట పక్క గోడలు పగిలాయేమో చూడండి. పురుగు రంధ్రాలుంటే బాడీని బల్ల మీద తట్టండి. సన్నని పొడి రాలితే పురుగు ఇంకా తింటూ ఉండొచ్చు, దాన్ని మిగతా చెక్క సామానుతో కలిపి పెట్టకండి.

చేత్తో పట్టుకుని చూసే వీలు లేకపోతే నాలుగు ఫొటోలు అడగండి: నోరు దగ్గరగా, బ్లేడు వెనక వైపు, ఫ్రాగ్ విప్పాక అది కూర్చునే చోటు, రెండు పక్క గోడలు. ఇవి లేకుండా నేను పూర్తి ధర ఇవ్వను. ఒకవేళ మీ దగ్గరే అరుదైనది ఉందని అనుమానం వస్తే, తెలిసినవాళ్ళు చూసేదాకా రుద్దొద్దు, రంగు వేయొద్దు. అసలు నల్ల పూత ఎంత శాతం మిగిలిందన్నది చూసే సేకరించేవాళ్ళు ధర చెబుతారు.