పై పెదవికి నాలుగు చుక్కలు: లిప్ ఫ్లిప్ మీద అపోహలు, వాస్తవాలు

లిప్ ఫ్లిప్, అంటే ఇంజక్షన్‌తో పై పెదవి అంచుని కాస్త బయటికి తిప్పడం, కావాలని వచ్చినవాళ్లని నేను ముందుగా "బొబ్బట్టు" అనమంటాను. తర్వాత "పప్పు", ఆ తర్వాత "మామిడిపండు". కొందరు నవ్వేస్తారు. డాక్టరమ్మకి ఆకలేస్తున్నట్టుంది అని ఒకావిడ పక్కనున్న వాళ్లాయనతో గుసగుసలాడింది కూడా. నేను చూసేది ఆ బ, ప, మ పలికేటప్పుడు పై పెదవి వచ్చి కింది పెదవికి ఎంత గట్టిగా ఆనుతోందో. మందు వేసేది సరిగ్గా ఆ పని చేసే కండరానికే మరి.

నేను విశాఖలో చర్మవైద్యురాలిని. కొన్నేళ్ల కిందటి వరకు ఈ మాట అడిగినవాళ్లే లేరు. ఇప్పుడు ఎంవీపీ కాలనీ నుంచి కాలేజీ పిల్లలు, గాజువాక నుంచి పెళ్లి కుదిరిన అమ్మాయిలు, రుషికొండ ఐటీ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు ఫోన్లో రీల్ పెట్టి "ఇలాగ కావాలి మేడమ్" అంటున్నారు. ఆ రీల్లో కనిపించేదాంట్లో సగం ఫిల్లర్ (పెదవిలో నింపే జెల్), పావువంతు లిప్‌స్టిక్, మిగతాది ఫోన్ ఫిల్టర్.

అసలు చేసేదేంటో ముందు చెబుతాను. సంచి మూతికి బొందు ఉన్నట్టు, మన నోటి చుట్టూ ఒక కండరం తిరిగి ఉంటుంది. పేరు ఆర్బిక్యులారిస్ ఓరిస్. మూతి ముడవాలన్నా, ఊదాలన్నా, పీల్చాలన్నా, ముద్దు పెట్టాలన్నా అదే. పై పెదవి అంచు దగ్గర ఆ బొందు కాస్త బిగువుగా ఉంటే ఎర్రటి భాగం లోపలికి మడత పడుతుంది. ఆ అంచు వెంబడి సన్నటి సూదితో నాలుగు చోట్ల బొటులినం టాక్సిన్ వేస్తాం, అందరూ బొటాక్స్ అనేది దీన్నే. మొత్తం కలిపి సాధారణంగా 4 నుంచి 6 యూనిట్లు. నరం చివర నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలైతేనే కండరం ముడుచుకుంటుంది. ఈ మందు ఆ విడుదలని ఆపుతుంది. బిగువు సడలుతుంది, లోపలికి పోయిన ఎరుపు కాస్త బయటికి తిరుగుతుంది. కాస్త అంటే ఒక మిల్లీమీటరు, మహా అయితే రెండు.

అపోహ: బొటాక్స్ వేస్తే పెదాలు లావవుతాయి

అవ్వవు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది తప్పుగా అనుకునేది ఇదే. లావు చేసేది ఫిల్లర్. అది హయల్యురానిక్ యాసిడ్ జెల్, పెదవిలో నింపుతారు కాబట్టి పెదవి ఉబ్బుతుంది. లిప్ ఫ్లిప్‌లో నింపేది ఏమీ లేదు. చీర కుచ్చిళ్లలో దాగిన అంచుని కొంచెం బయటికి లాగి సర్దితే చీర పొడుగు పెరగదు కదా, అంచు కనిపిస్తుంది, అంతే.

మరి ఎవరికి పనికొస్తుంది? మామూలుగా ఉన్నప్పుడు పై పెదవి బాగానే ఉండి, నవ్వగానే మాయమైపోయేవాళ్లకి. నవ్వమని చెప్పి చూస్తే తెలిసిపోతుంది. పళ్లు కనిపిస్తాయి, పై పెదవి స్థానంలో గీత మిగులుతుంది. వీళ్లకి నాలుగు చుక్కలతో ముఖం మారకుండానే నవ్వు మారుతుంది. పక్కింటివాళ్లు "ఏటమ్మా, మొహం కళగా ఉంది, నిద్ర బాగా పట్టిందా" అంటారు తప్ప ఏం చేయించుకున్నావని అడగరు. అలా అడగకపోతే నా పని సరిగ్గా కుదిరిందని లెక్క.

పుట్టుకతోనే పెదవి పలచగా ఉండి, బయటికి తిప్పడానికి లోపల ఎరుపే లేకపోతే తిప్పేదేముంది? వయసు మీద పడ్డాక ముక్కుకీ పెదవికీ మధ్య దూరం పెరుగుతుంది. అలాంటివాళ్లకి ఈ ఇంజక్షన్ ఇస్తే ఆ భాగం ఇంకా పొడుగ్గా, సాగినట్టు కనిపించొచ్చు. పెదాలు ముందే నిండుగా ఉన్నవాళ్లకి తేడా కనిపించదు. ఈ మూడు రకాల వాళ్లనీ నేను వెనక్కి పంపేస్తాను. వద్దన్నందుకు అలిగి, బుంగమూతి పెట్టుకుని వెళ్లినవాళ్లున్నారు. ఆ మూతిలో కండరం ఎంత చక్కగా పనిచేస్తోందో అనిపిస్తుంది నాకు.

అపోహ: అది విషం, ముఖానికి ఎక్కించుకుంటారా?

పెద్దవాళ్లు అడిగేది ఇది. విషం అన్నమాట నిజమే. క్లాస్ట్రిడియం బొటులినం అనే బ్యాక్టీరియా తయారుచేసే విషం. పాడైన డబ్బా ఆహారంలో పెరిగితే మనిషిని చంపగలదు. 1820ల్లో జర్మనీలో యుస్టినుస్ కెర్నర్ అనే డాక్టరు పాడైన సాసేజ్‌లు తిని చచ్చిపోయినవాళ్లని చూసి ఈ జబ్బు గురించి మొదట వివరంగా రాశాడు. బొటులస్ అంటే లాటిన్‌లో సాసేజ్. కండరాన్ని సడలించే ఈ గుణాన్ని వైద్యానికి వాడుకోవచ్చేమోనని ఊహించింది కూడా ఆయనే.

మందుగా మొదలైంది అందం కోసం కాదు, మెల్లకన్ను కోసం. శాన్ ఫ్రాన్సిస్కోలో అలన్ స్కాట్ అనే కంటి డాక్టరు దానిమీద పనిచేశారు. 1989లో అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ మెల్లకన్నుకీ, కనురెప్పలు వాటంతటవే బిగుసుకుపోయే జబ్బుకీ అనుమతిచ్చింది. కనుబొమల మధ్య గీతలకి అనుమతి 2002లో గానీ రాలేదు. పక్షవాతం వచ్చి చెయ్యి బిగుసుకుపోయినవాళ్లకి ఒక్కసారికి 400 యూనిట్ల వరకు వేస్తారు. పై పెదవికి మేం వేసేది నాలుగో ఆరో. మోతాదే మందుకీ విషానికీ మధ్య గీత. ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి: పై పెదవిని ఇలా తిప్పడానికి ఆ ఎఫ్‌డీఏ ప్రత్యేకంగా అనుమతి ఏమీ ఇవ్వలేదు. అనుమతి ఉన్న మందునే, లేబుల్ మీద రాయని చోట డాక్టరు తన విచక్షణతో వాడుతున్నాడు. దీన్నే ఆఫ్ లేబుల్ అంటారు. మీ డాక్టరు ఈ మాట చెప్పకపోతే మీరే అడగండి.

అపోహ: చిన్న ఇంజక్షనే కదా, దేనికీ ఇబ్బంది ఉండదు

ఇక్కడ కాసేపు ఆగుతాను. నుదుటికి వేసే బొటాక్స్‌కీ దీనికీ ఉన్న తేడా ఇదే. నుదురు ముడవకపోతే పనులేం ఆగవు. పెదవి అలా కాదు, పొద్దున లేచింది మొదలు దానికి పనే. దాని బలంలో కొంత తీసేసి ఆ తగ్గుదలనే అందం అంటున్నాం. ఆ తీసినంత ఎక్కడో ఒకచోట తెలుస్తుంది.

బీచ్ రోడ్డులో కొబ్బరిబోండం తాగడానికి స్ట్రా పెట్టుకుంటారు చూడండి, చాలామందికి మొదట తెలిసేది అక్కడే. పీల్చితే గాలి వస్తుంది, నీళ్లు రావు. పానీపూరీ ఒక్క గుక్కలో నోట్లో వేసుకుంటే మూల నుంచి చుక్క కారుతుంది. పళ్లు తోముకుని పుక్కిలించి ఉమ్మితే అనుకున్న చోట పడదు. ఈల రాదు, పిల్లాడి పుట్టినరోజుకి బెలూన్ ఊదలేరు. లిప్‌స్టిక్ వేసుకుని రెండు పెదాలూ కలిపి అద్దుకునేటప్పుడు వింతగా ఉంటుంది. మోతాదు సరిగ్గా ఉంటే ఇవి తేలిగ్గానే ఉంటాయి, ఒకటి రెండు వారాల్లో అలవాటు పడిపోతారు. మోతాదు మించితే మాట కూడా తేడా పడుతుంది. ప ఫ బ భ మ అన్నీ ఓష్ఠ్యాలు, పెదాలు కలవకపోతే పుట్టవు. అవధానంలో పృచ్ఛకుడు నిరోష్ఠ్యంగా పద్యం చెప్పమని అవధానిని ఇరకాటంలో పెడతాడే, ఆ అవస్థ డబ్బిచ్చి కొనుక్కున్నట్టు అవుతుంది.

అందుకే వృత్తి అడగకుండా సూది పట్టుకోను. సన్నాయి, వేణువు, శంఖం, ట్రంపెట్ వాయించేవాళ్లకి చేయను. పాడేవాళ్లకీ, వార్తలు చదివేవాళ్లకీ, రోజుకి ఆరు పీరియడ్లు పాఠం చెప్పే టీచర్లకీ వద్దనే చెబుతాను. మరీ పట్టుబడితే వేసవి సెలవుల్లో, రెండు యూనిట్లతో మొదలుపెడదాం అంటాను. ఒక టీచరమ్మ ఆ మాటకి ఆలోచించుకుని, "సెలవుల్లో ఎవరు చూస్తారండి నన్ను" అని లేచి వెళ్లిపోయారు. ఆవిడ లెక్క నాకు సరిగ్గానే తోచింది.

గర్భిణులకీ, పాలిచ్చే తల్లులకీ ఇవ్వం. మయస్తీనియా గ్రావిస్ లాంటి నరం-కండరం జబ్బులున్నవాళ్లకి ఇవ్వకూడదు. పెదవి మీద నీటిపొక్కులు ఉంటే అవి మానేదాకా ఆగాలి.

అపోహ: నచ్చకపోతే మర్నాడు తీయించేసుకోవచ్చు

ఫిల్లర్‌తో కలిపేసుకుని అనే మాట ఇది. హయల్యురానిక్ యాసిడ్ ఫిల్లర్‌ని కరిగించడానికి హయల్యురానిడేజ్ అనే ఎంజైమ్ ఉంది. కండరంలో పనిచేయడం మొదలుపెట్టిన టాక్సిన్‌ని వెనక్కి లాగే మందు మా దగ్గర లేదు. నవ్వితే మూతి ఒక పక్కకి వంకరపోయినా కాలమే దిద్దాలి. అయితే ఫిల్లర్ కంటే ఇది ప్రమాదమని అర్థం కాదు. ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే ఆ చోట చర్మం చచ్చిపోవచ్చు. ఆ భయం దీనికి లేదు.

ఊరట ఏమిటంటే ఇది ఎక్కువ కాలం నిలవదు. మూడు నాలుగు రోజుల్లో తెలియడం మొదలై, రెండు వారాలకి పూర్తిగా కనిపించి, ఆరు నుంచి పది వారాల్లో పోతుంది. నుదుటి మీద మూడు నాలుగు నెలలు నిలిచే మందు ఇక్కడ అంత నిలవదు. వేసే మోతాదు తక్కువ, కండరానికి క్షణం తీరిక లేదు. ఆపేస్తే పెదవి వేలాడిపోతుందని, ముసలితనం ముంచుకొస్తుందని భయపడక్కర్లేదు. నరం మళ్లీ పని అందుకుంటుంది, పెదవి పాత చోటికి వెళ్తుంది. అలవాటు పడటం అంటారా, ఒంటికి కాదు, అద్దానికి అలవాటు పడేవాళ్లని చూశాను. ఆరు వారాలకే వచ్చి ఇంకా వేయండి అంటే మాత్రం వేయను.

అపోహ: ఎవరు వేసినా ఒకటే

మందు వయల్‌లో, అంటే చిన్న సీసాలో, పొడిగా వస్తుంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంచాలి, వాడేముందు సెలైన్‌తో కలపాలి. ఎంత సెలైన్ కలిపారన్నదాన్ని బట్టి ఒక చుక్కలో ఎన్ని యూనిట్లో తేలుతుంది. ఒక బ్రాండు యూనిట్ ఇంకో బ్రాండు యూనిట్‌తో సమానం కాదు. కాబట్టి "ఇంజక్షన్ ఎంతండి" అని కాకుండా "ఏ బ్రాండు, ఎన్ని యూనిట్లు, వయల్ చూపిస్తారా" అని అడగాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేనప్పుడు ఫ్రిజ్‌లో ఉన్న వయల్స్ అన్నీ పారేశాను. చెట్లు విరిగినదానికంటే దానికే ఎక్కువ ఏడ్చానని మా ఇంట్లో ఇప్పటికీ వెక్కిరిస్తారు. ఆ నష్టం తట్టుకోలేనివాళ్లు ఏం చేస్తారో ఊహించుకోండి.

2024లో అమెరికాలోనే నకిలీ లేదా సరిగ్గా నిల్వ చేయని టాక్సిన్ వేయించుకుని పలు రాష్ట్రాల్లో జనం ఆస్పత్రుల పాలయ్యారు. పార్లర్‌లో ఐబ్రోస్ చేయించుకుంటూ దాంతోపాటు వేయించుకునేది కాదిది. వేసుకున్న తర్వాత మింగడం కష్టమైనా, రెప్పలు వాలిపోయినా, ఊపిరి ఆడనట్టున్నా క్లినిక్‌కి ఫోన్ చేస్తూ కూర్చోకుండా నేరుగా ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి.

అపోహ: నల్ల పెదాలు, నోటి చుట్టూ గీతలు కూడా పోతాయి

రంగు మారదు. నలుపు ఎండ వల్లో, పెదాలు నాకే అలవాటు వల్లో, లిప్‌స్టిక్ పడకో, పొగ వల్లో వస్తుంది. దాని దారి వేరు. పై పెదవి మీది నిలువు గీతలు కొంత మెత్తబడతాయి, లోతుగా పడ్డవి పోవు.

పొగ అన్నాను కాబట్టి ఒక పక్కమాట. మన ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ తాగే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు, చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని. కూతురికి తోడొచ్చిన ఒక తల్లి పెదవి గీతల గురించి ఊరికే అడిగింది. టార్చి వేసి చూస్తే అంగిట్లో తెల్లటి మచ్చ. గీతల సంగతి ఆ రోజు మాట్లాడలేదు, బయాప్సీకి పంపాను. పెదాల కోసం వచ్చిన వాళ్లెవరినైనా నోరు తెరిపించి చూడటం నాకప్పటినుంచి అలవాటైంది.

నవ్వితే చిగుళ్లు ఎక్కువగా కనిపించేవాళ్లకి మందు వేసే చోటు వేరు, పెదవిని పైకి లాగే కండరాలకి, ముక్కు పక్కన వేస్తాం. పళ్ల అమరిక వల్ల వచ్చిందైతే ముందు దంతవైద్యుడి దగ్గరికి పంపుతాను.

ఇక పెళ్లిళ్ల సీజన్ ప్రశ్న: "ఎల్లుండి పెళ్లి మేడమ్, ఈరోజు వేస్తారా?" వేయను. చిన్న కమిలిన మచ్చ పడినా దానికి వారం పడుతుంది, ఫలితం కనిపించడానికి రెండు వారాలు, అటూ ఇటూ సరిచేయాల్సివస్తే ఇంకో వారం. ముహూర్తానికి నెల రోజుల ముందు రండి. అది కూడా జీవితంలో మొదటిసారి అయితే పెళ్లికి కాదు, అంతకు మూడు నాలుగు నెలల ముందు ఒకసారి చేయించుకుని, స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగి, ఫోన్లో అరగంట మాట్లాడి, నచ్చిందో లేదో చూసుకోండి. వేసిన రోజు నాలుగు గంటలు పడుకోవద్దు, ఆ చోట రుద్దొద్దు, ఫేషియల్ వద్దు, జిమ్ మర్నాటికి వాయిదా. పద్నాలుగో రోజు మళ్లీ రావాలి, అప్పుడు కూడా ముందు "బొబ్బట్టు" అనిపిస్తాను, ఫొటో తర్వాత.