బండి కింద నాగలి కర్రు

"మాస్టారూ, ఆఫ్రికాలో అన్నిటికంటే బలమైన సైన్యం ఏ దేశానిది?" అని ఖమ్మం నుంచి ఇంటర్ చదివే కుర్రాడొకడు అడిగాడు. ఎక్కడో దొరికిన పట్టిక కూడా పంపాడు. దేశం పేరు, దాని పక్కన ట్యాంకులు ఇన్ని, విమానాలు ఇన్ని, జలాంతర్గాములు ఇన్ని, చివర ర్యాంకు. మన పిల్లలకు పుట్టినప్పటినుంచీ ర్యాంకులే అలవాటు కాబట్టి వాడికి అది సహజంగానే తోచి ఉంటుంది.

పట్టికలో ఉన్నవి అబద్ధాలు కావు. ఈజిప్టు దగ్గర వెయ్యికి పైగా అమెరికన్ అబ్రామ్స్ ట్యాంకులున్నాయి. వాటిలో చాలావాటిని కైరో దగ్గరి సొంత కర్మాగారంలోనే బిగించుకున్నారు. రష్యా కోసం ఫ్రాన్స్ కట్టిన రెండు మిస్త్రాల్ హెలికాప్టర్ నౌకలు 2016లో ఈజిప్టుకే చేరాయి. రక్షణకు ఆ ఖండంలో అందరికంటే ఎక్కువ ఖర్చు పెట్టేది అల్జీరియా. దాని సుఖోయ్-30లు మన వాయుసేన సుఖోయ్-30లకు తోబుట్టువుల్లాంటివి. దక్షిణాఫ్రికాకు 26 గ్రిపెన్ యుద్ధవిమానాలు, 3 జలాంతర్గాములు. అన్నీ నిజమే. కానీ గిన్నెలు లెక్కపెట్టి వంట రుచి చెప్పలేం కదా.

1987లో, లిబియా సేనలు తిష్ఠ వేసిన చాద్ ఉత్తరాన ఏం జరిగిందో చూడండి. లిబియా దగ్గర 36 టన్నుల సోవియట్ టీ-55 ట్యాంకులు, బాంబులు వేసే విమానాలు, కట్టుదిట్టమైన స్థావరాలు. చాద్ దగ్గర టొయోటా పికప్ బండ్లు, వాటి మీద ఫ్రాన్స్ ఇచ్చిన, ట్యాంకులను ఛేదించే మిలాన్ క్షిపణులు. జనవరి 2న ఫాదా పట్టణం, మార్చిలో వాదీ దూమ్ వైమానిక స్థావరం లిబియా చేజారాయి. సెప్టెంబరులో చాద్ బలగాలు ఏకంగా లిబియా లోపలికే వెళ్ళి మాతెన్ అల్ సర్రా స్థావరాన్ని ధ్వంసం చేశాయి. దాన్ని చరిత్రలో టొయోటా యుద్ధం అనే పిలుస్తారు. ఏ పట్టికలో చూసినా ఆనాడు లిబియాదే పైచేయి.

ఆ యుద్ధం గురించి ఒక మాట బాగా ప్రచారంలో ఉంది. బండిని గంటకు 100 కిలోమీటర్లు దాటించి తోలితే మందుపాతర వెనక పేలుతుందట, బండి అప్పటికే దాటిపోతుందట. లెక్క వేసి చూద్దాం. గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు 28 మీటర్లు. ముందు చక్రం మందుపాతరను నొక్కాక 5 మీటర్ల బండి పూర్తిగా దాటడానికి సెకనులో దాదాపు ఆరో వంతు కావాలి. లోపలి సూది దిగి మందు అంటుకోవడానికి కొన్ని మిల్లీసెకన్లు చాలు. 5 మిల్లీసెకన్లలో ఆ బండి కదిలేది జానెడు కూడా కాదు, 14 సెంటీమీటర్లు. ఇసుకలో మందుపాతర లోతుగా కూరుకుపోయి ఉండొచ్చు, కొన్ని చెడిపోయి ఉండొచ్చు. బతికి వచ్చినవాడు తన వేగమే కాపాడిందని చెప్పుకుంటాడు. బతకనివాడు చెప్పడానికి రాడు. తాయెత్తుల మీద నమ్మకం కూడా సరిగ్గా ఇలాగే పెరుగుతుంది. తరగతిలో పిల్లలకు ఇది చెప్పకుండా ఏ సంభావ్యత పాఠమూ నేను ముగించలేదు.

వేగం కాపాడకపోతే మరి కాపాడేదేది? బండి అడుగు భాగం ఆకారం. ఆఫ్రికా సైన్యాల్లో నన్ను ఏళ్ళ తరబడి వదలని విషయం ఇదే.

దక్షిణాఫ్రికా శ్వేతజాతి ప్రభుత్వం 1966 నుంచి 1989 దాకా నేటి నమీబియాలో, అంగోలా సరిహద్దుల్లో యుద్ధం చేసింది. అవతల నమీబియా స్వాతంత్ర్యం కోసం పోరాడే స్వాపో సంస్థ గెరిల్లాలు. పక్కన రొడీషియాలో, అంటే నేటి జింబాబ్వేలో, ఇలాంటిదే ఇంకో యుద్ధం. గెరిల్లాలకు ట్యాంకులు లేవు. మట్టిరోడ్లలో టీఎం-46, టీఎం-57 అనే సోవియట్ మందుపాతరలు పాతేవారు. ఒక్కొక్కదాంట్లో దాదాపు ఆరు కిలోల పేలుడు మందు. మనిషి అడుగు పడితే మామూలుగా పేలవు. బండి చక్రం బరువుకు పేలతాయి.

అది పేలినప్పుడు ఏం జరుగుతుంది? మందు క్షణంలో వేయో వంతు కూడా పట్టకుండా అతి వేడి వాయువుగా మారిపోతుంది. చుట్టూ నేల గట్టిగా ఉంది, పైన మాత్రం పలచటి మట్టి పొర. దారి పైకే. వాయువు ఆ మట్టిని గరాటు ఆకారంలో పైకి చిమ్ముతుంది. బండికి తగిలే దెబ్బలో పెద్ద వాటా ఈ మట్టిదే. నేల తడిసి ఉంటే దెబ్బ ఇంకా ఎక్కువ, ఎందుకంటే నీళ్ళతో నిండిన మట్టి బరువైనది, నలిగి సర్దుకోదు.

ఇంట్లో కుళాయి విప్పి దాని కింద స్టీలు పళ్ళెం అడ్డంగా పట్టుకోండి. చెయ్యి కిందికి వెళ్తున్నట్టు బరువు తెలుస్తుంది. ఇప్పుడు పళ్ళేన్ని కొద్దికొద్దిగా వాలుగా వంచండి. నీళ్ళు పక్కకు జారిపోతుంటే బరువు తగ్గుతుంది. నిలువుకు దగ్గరగా తెస్తే పళ్ళెం అంచు నీటిధారను కోసుకుంటూ నిలబడుతుంది, చేతికి దాదాపు ఏమీ తెలియదు. మందుపాతర అంటే తలకిందులుగా బిగించిన కుళాయి. మామూలు జీపు అడుగు అంటే అడ్డంగా పట్టుకున్న పళ్ళెం.

అందుకని ఇంజనీర్లు బండి అడుగును ఇంగ్లీషు వి అక్షరంలా మడిచారు. మన నాగలి కర్రు మట్టిని చీల్చి రెండు పక్కలకు పడేసినట్టే, ఈ అడుగు పైకి దూసుకొచ్చే మట్టిని రెండు పక్కలకు చీలుస్తుంది. నాగలి మట్టిలోకి వెళ్తుంది. ఇక్కడ మట్టే నాగలి మీదికి వస్తుంది.

ఎంత లాభం? ఏటవాలు తలం మీద దిమ్మెను పెట్టి, సైన్, కాస్ అంటూ మార్కుల కోసం బట్టీ పట్టించే ఆ పాఠమే ఇక్కడ పనికొస్తుంది. మట్టి నిలువుగా పైకి వస్తోంది. గోడ నిలువుతో చేసే కోణం తీసుకోండి. గోడకు లంబంగా తగిలే వేగం ఆ కోణపు సైన్‌తో తగ్గుతుంది. ఆ లంబ దెబ్బలో బండిని పైకి తోసే భాగం తీయాలంటే మళ్ళీ సైన్‌తో గుణించాలి. అంటే మొత్తం తగ్గుదల సైన్ వర్గం. అడ్డంగా ఉన్న అడుగుకు 90 డిగ్రీలు, దెబ్బ పూర్తిగా 1. నిలువుకు 45 డిగ్రీల గోడకు సగం. 30 డిగ్రీల గోడకు పావు! రాపిడి లేదనుకుని వేసిన ఆదర్శ లెక్క ఇది. అసలు బండిలో ఇంత శుభ్రంగా రాదు. కానీ దిశ ఇదే. ఎడమ గోడను కుడికి, కుడి గోడను ఎడమకు తోసే బలాలు, పేలుడు సరిగ్గా మధ్యలో జరిగితే, ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి.

అక్కడితో ఆగలేదు. దెబ్బ ఇచ్చే మొత్తం తోపు (ప్రచోదనం) ఒకటే అయితే బండి ఎగిరే వేగం దాని బరువుకు విలోమం. 2 టన్నుల జీపుకు, 11 టన్నుల బండికి ఒకే దెబ్బ తగిలిందనుకోండి. పెద్ద బండి వేగం ఐదున్నర రెట్లు తక్కువ. ఎగిరే ఎత్తు వేగ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ముప్ఫై రెట్లు తక్కువ. జీపు 3 మీటర్లు ఎగిరితే ఇది 10 సెంటీమీటర్లు. వి ఆకారం వల్ల దెబ్బ సగమైతే ఆ 10 కాస్తా రెండున్నర సెంటీమీటర్లు. కోణం, బరువు రెండూ వర్గాలుగా పనిచేస్తున్నాయి చూడండి. ఈ లెక్క మొదటిసారి కాగితం మీద వేసుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మూడోది ఎత్తు. బండిని నేలకు దూరంగా లేపితే పేలుడు పీడనం చాలా వేగంగా పడిపోతుంది. దీనికి చెల్లించాల్సిన మూల్యం ఉంది. ఎత్తైన బండి మలుపుల్లో బోల్తా పడుతుంది. నిటారు గోడల వి కావాలంటే బండి ఇంకా ఎత్తు కావాలి. ఇంజనీర్లు ఈ పేచీని ఎక్కడో ఒకచోట తెంచుకోవాలి. అందుకే ఈ బండ్లు చూడటానికి అంత పొడుగ్గా, వికారంగా ఉంటాయి.

మొదట వచ్చిన వాటిలో బఫెల్ ఒకటి. జర్మన్ యూనిమాగ్ లారీ చట్రం మీద వి ఆకారపు తొట్టి బిగించారు. పదిమంది సైనికులు వీపు వీపు ఆనించి, పట్టీలు కట్టుకుని కూర్చోవాలి. పట్టీ లేకపోతే, మందుపాతర చంపనివాణ్ణి బండి లోపలి ఇనుమే చంపుతుంది. దాని టైర్లలో నీళ్ళు నింపేవారు. పేలుడు శక్తిలో కొంత నీళ్ళను చిమ్మడానికి, ఆవిరి చెయ్యడానికి ఖర్చైపోతుందని.

నీళ్ళంటే ఇంకో సంగతి గుర్తొస్తోంది. 1905లో నేటి టాంజానియాలో జర్మన్ల మీద జనం తిరగబడ్డారు. కింజికితిలే అనే మంత్రవైద్యుడు ఇచ్చిన మంత్రజలం జర్మన్ తూటాలను నీళ్ళుగా మారుస్తుందని నమ్మారు. స్వాహిలీలో మాజీ అంటే నీళ్ళు, ఆ తిరుగుబాటుకు పేరే మాజీ మాజీ. ఎందరు చనిపోయారో తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. వాళ్ళను మూఢులని నేను అనలేను. ఈటెలు పట్టుకుని మెషిన్‌గన్ ఎదుట నిలబడ్డవాళ్ళకు ఏదో ఒక ధైర్యం కావాలి. అదే నీళ్ళు అదే ఖండంలో ఏడు దశాబ్దాల తర్వాత టైర్లలోకి చేరి నిజంగానే ప్రాణాలు నిలిపాయి. మధ్యలో మారింది కొలవడం, పరీక్షించడం.

1980 ప్రాంతంలో కాస్పిర్ వచ్చింది. దీనికి విడిగా చట్రం లేదు, ఒంటి పెంకులా మొత్తం ఒకే శరీరం. చక్రం కింద 21 కిలోల టీఎన్‌టీ, పొట్ట కింద 14 కిలోలు తట్టుకునేలా చేశారు. పేరు కూడా తమాషాగా కుదిరింది. దక్షిణాఫ్రికా పోలీసు శాఖ పొట్టి అక్షరాలు ఎస్, ఏ, పీ. బండిని రూపొందించిన పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్. రెండింటినీ కలిపి తారుమారు చేస్తే కాస్పిర్. మన హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థ ఏ సీఎస్‌ఐఆర్ కిందిదో అది వేరు, పేరే ఒకటి. చక్రం పేలిపోతే పోనిమ్మన్నది దీని పద్ధతి. ఇరుసు ఊడి ఎగిరిపోతుంది, లోపలి మనుషులు నడిచి దిగుతారు, కొత్త చక్రం బిగిస్తారు.

ఇంత మెచ్చుకున్నాక ఇది చెప్పకపోతే తప్పవుతుంది. 1980ల్లో ఇవే కాస్పిర్లు నల్లజాతి బస్తీల వీధుల్లోకి దిగాయి. అక్కడి పిల్లలకు ఆ పసుపు బండి అంటే వర్ణవివక్ష రాజ్యమే.

మందుపాతర అన్న మాట మన పత్రికల్లో ఎన్ని దశాబ్దాలు మొదటి పేజీలో నలిగిందో తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు. భారత సైన్యం దక్షిణాఫ్రికా నుంచి కాస్పిర్లు కొన్నది. దాని నమూనా మీదే మన సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని మెదక్ ఆయుధ కర్మాగారంలో ఆదిత్య అనే బండి తయారైంది. మనం మైన్‌ప్రూఫ్ వాహనం అంటున్నది దాన్నే. నమీబియా ఇసుకకు పుట్టిన ఆకారం మెదక్‌లో ఇనుమై, దండకారణ్యం రోడ్ల మీద తిరిగింది. ప్రూఫ్ అన్న మాట మాత్రం మోసం చేస్తుంది. 2005లో ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ దగ్గర ఇలాంటి బండి పేలుడుకు గురై ఇరవైమందికి పైగా జవాన్లు చనిపోయారు. సైన్ వర్గం దెబ్బను భాగిస్తుంది, అంతే. మందు పది రెట్లు పెడితే భాగించినా మిగిలేది చాలా ఎక్కువ.

2007 తర్వాత ఇరాక్, అఫ్ఘనిస్థాన్‌లలో అమెరికా హడావుడిగా దించిన ఇరవై వేలకు పైగా బండ్లదీ ఇదే వంశం. సోమాలియాలో ఆఫ్రికన్ యూనియన్ బలగాలు కాస్పిర్లు వాడాయి. ఒక ఆకారం ఖండాలు దాటి ఇంతదూరం వెళ్ళింది.

దీనికి పూర్తిగా ఎదురు దారి ఇంకొకటుంది. రొడీషియాలో పూకీ అని చిన్న ఒంటి మనిషి బండి తయారు చేశారు. ఫోక్స్‌వాగన్ భాగాలు, ఫార్ములా వన్ పందెం కార్ల వెడల్పు టైర్లు. గాలి తక్కువ నింపితే టైరు చపాతీలా పరుచుకుని బరువును ఎక్కువ నేల మీద పంచుతుంది. మందుపాతర నొక్కుడుపడదు. దాని మీదినుంచే వెళ్తూ, పక్కన వేలాడే లోహశోధకంతో దాన్ని కనిపెట్టేది. దెబ్బను తట్టుకునే బండి కాదిది, దెబ్బే తగలనివ్వని బండి. నేడు వాడే హస్కీ అనే మందుపాతర శోధక బండిది ఇదే ఆలోచన.

ఆ యుద్ధాలు ముగిసినా మందు నేలలోనే మిగిలింది. మొజాంబిక్ 2015లో తన నేల శుభ్రమైందని ప్రకటించగలిగింది. అంగోలాలో ఇంకా ఏరుతూనే ఉన్నారు. ఆ పనిలో పూకీ కంటే తేలికైన జీవి ఒకటి ఉంది. టాంజానియాలోని మొరొగోరోలో శిక్షణ పొందే ఆఫ్రికా పందికొక్కు లాంటి పెద్ద ఎలుక. బరువు కిలో, కిలోన్నర. పాతిపెట్టిన మందు మీద నిలబడినా అది పేలదు. ఇనుము వాసన దానికి పట్టదు, పేలుడు మందు వాసనే పట్టుకుంటుంది. కాబట్టి తుప్పు పట్టిన మేకుల దగ్గర ఆగదు. నడుముకు తాడు కట్టి, రెండు చివరలా ఇద్దరు మనుషులు నిలబడి, గడ్డిలో వరస వరసగా నడిపిస్తారు. మందు ఉన్నచోట అది ఆగి ముందు కాళ్ళతో నేల గీరుతుంది. క్లిక్‌మని చప్పుడు వినపడగానే తాడు వెంట వెనక్కి పరుగెత్తుకొస్తుంది, అరటిపండు ముక్క కోసం.