కుక్కకు పచ్చి మాంసం: ఈ వాదం ఎక్కడి నుంచి వచ్చింది?

బిస్కెట్లు, డబ్బా తిండి మానేసి కుక్కకు పచ్చి మాంసం, ఎముకలు, కాలేయం పెట్టాలనే వాదం 1993లో ఊపందుకుంది. ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ 'గివ్ యువర్ డాగ్ ఎ బోన్' పుస్తకం వేసింది ఆ ఏడాదే. అయితే ఆయన దేని మీద తిరగబడ్డాడో అర్థం కావాలంటే 1860ల నాటి లండన్ దాకా వెళ్లాలి.

అమెరికా నుంచి అక్కడికి వచ్చిన జేమ్స్ స్ప్రాట్ గోధుమ పిండి, కూరగాయలు, బీట్‌రూట్, మాంసం కలిపి కుక్కల కోసం బిస్కెట్లు చేసి అమ్మాడు. రేవులో ఓడ బిస్కెట్ల కోసం కుక్కలు ఎగబడటం చూసి ఆ ఆలోచన వచ్చిందని చెబుతారు. ఆయన కంపెనీలో పనిచేసిన చార్లెస్ క్రఫ్టే 1891లో క్రఫ్ట్స్ డాగ్ షో మొదలుపెట్టాడు. అంతకుముందు కుక్కలన్నీ పచ్చి మాంసం మీదే బతికాయని అనుకోనక్కర్లేదు. ఇంగ్లండ్ దొరల వేటకుక్కలకు ఓట్స్ జావలో ఉడికించిన గుర్రం మాంసం కలిపి పోసేవారు. మామూలు ఇళ్లలో కుక్కకు మిగిలిందే తిండి.

తర్వాతి మలుపులన్నీ సరుకు లభ్యతను బట్టి వచ్చినవే. మోటారు బండ్లొచ్చాక అమెరికాలో గుర్రాలకు పని తగ్గింది. 1922లో కెన్-ఎల్ రేషన్ అనే బ్రాండ్ వాళ్లు గుర్రం మాంసాన్ని డబ్బాల్లో నింపి అమ్మారు. రెండో ప్రపంచ యుద్ధంలో తగరం సైన్యానికి వెళ్లిపోవడంతో డబ్బాలు పోయి పొడి తిండి వచ్చింది. 1957లో ప్యూరినా కంపెనీ ఎక్స్‌ట్రూషన్ పద్ధతిలో చేసిన డాగ్ చౌ తెచ్చింది. ముద్దను వేడి, ఒత్తిడి మధ్య ఉడికించి అచ్చులోంచి నెడితే గుళికలుగా పొంగుతుంది. అలా పొంగాలంటే పిండిపదార్థం ఉండాలి. కుక్క తిండిలో ధాన్యం అంత ఎక్కువగా ఉండటానికి ఈ యంత్రం కూడా ఒక కారణం. మరుసటి ఏడాది కంపెనీలన్నీ కలిసి పెట్ ఫుడ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టుకున్నాయి. ఇంట్లో మిగిలింది కుక్కకు పెట్టడం మంచిది కాదని 1960లలో గట్టిగా ప్రచారం చేశాయి. నా లెక్కలో అసలు మలుపు ఇదే, వంటింటికీ కుక్కకూ తెగింది ఇక్కడే.

బిల్లింగ్‌హర్స్ట్ మాత్రం వంటింటికి తిరిగి రమ్మనలేదు, ఇంకా వెనక్కి, కుక్కకు పూర్వీకుడైన తోడేలు దగ్గరికి వెళ్లమన్నాడు. పచ్చి మాంసంతో ఉన్న ఎముకలు ప్రధానంగా, వాటితో కూరగాయలు, గుడ్లు, కాలేయం పెట్టమన్నాడు. సిడ్నీ పశువైద్యుడు టామ్ లాన్స్‌డేల్ ఇంకాస్త కటువు. పళ్ల జబ్బులకు మూలం ఫ్యాక్టరీ తిండేనని ఆయన వాదన.

ఈ మాటలు కొద్దిమంది దాటి జనంలోకి వెళ్లడానికి 2007 తోడ్పడింది. ఆ మార్చిలో కెనడాకు చెందిన మెనూ ఫుడ్స్ 6 కోట్లకు పైగా డబ్బాలు, ప్యాకెట్లు వెనక్కి తీసుకుంది. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో, అంటే గోధుమ నుంచి తీసిన ప్రోటీన్‌లో, మెలమిన్ అనే రసాయనం కలిసింది. ప్రోటీన్‌ను నైట్రోజన్ కొలిచి లెక్కగడతారు కాబట్టి, నైట్రోజన్ దండిగా ఉన్న ఈ రసాయనం కలిపితే ప్రోటీన్ ఎక్కువున్నట్టు కనిపిస్తుంది. సయనూరిక్ ఆసిడ్ అనే మరో రసాయనంతో చేరి అది మూత్రపిండాల్లో స్ఫటికాలు కట్టింది. కుక్కలు, పిల్లులు చనిపోయాయి. లేబుల్ మీద నమ్మకం పోయినవాళ్లలో కొందరు కసాయి కొట్టు వైపు తిరిగారు. వాళ్లను తప్పుపట్టలేం.

అయితే పచ్చి తిండి భద్రమని ఎవరూ తేల్చలేదు. 2010-12 మధ్య అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 196 పచ్చి పెట్ ఫుడ్ నమూనాలు పరీక్షిస్తే 15లో సాల్మొనెల్లా, 32లో లిస్టీరియా దొరికాయి. కుక్క తట్టుకున్నా, గిన్నె కడిగే చేతికి, ఇంట్లో పసిపిల్లలకు ముప్పే. ఫ్రీజర్‌లో పెడితే ఈ బ్యాక్టీరియా చావదు. 2012లో అమెరికా పశువైద్యుల సంఘం పచ్చి మాంసం పెట్టవద్దని తీర్మానించింది. తోడేలు పోలికకూ 2013లో దెబ్బ తగిలింది. స్వీడన్ పరిశోధకులు జన్యువులు చూస్తే, పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమ్ జన్యువు తోడేలులో రెండు ప్రతులే, కుక్కలో నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నాయి. మన మెతుకులు తిని తిని కుక్క మారింది.

ఇక మన దగ్గర. పెడిగ్రీ తయారుచేసే మార్స్ ఫ్యాక్టరీ తెలంగాణలోనే ఉంది. అయినా చాలా ఇళ్లలో ఇప్పటికీ నూకలు, కోడి కాళ్లు, తలకాయలు కలిపి చిటికెడు పసుపు వేసి ఉడికించి పెడతారు. ఫ్రిజ్ లేని చికెన్ కొట్లో మొద్దు మీద మధ్యాహ్నం దాకా ఉన్న మాంసానికి ఆ ఉడకడమే రక్ష. కోసినప్పటి నుంచి కొనేదాకా మాంసాన్ని చల్లగానే ఉంచి అమ్మే దేశాల్లో రాసిన పచ్చి తిండి సూత్రాలు ఇక్కడ అలాగే అమలు చేస్తామంటే నాకు భయమే. ఉడికిన ఎముకలు మాత్రం చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి, తీసేయాలి. ఎముక తీసేస్తే కాల్షియం తగ్గుతుంది. ఇంటి వంటకూ లోటు లేదని కాదు. అమెరికాలో 200 ఇంటి వంటకాలను పరీక్షిస్తే 95 శాతంలో ఏదో ఒక పోషకం తక్కువైంది. కాల్షియం కోసం గుడ్డు పెంకు పొడి ఎంత వేయాలో కుక్క బరువును బట్టి పశువైద్యుణ్ని అడిగి తెలుసుకోవచ్చు.